38 జీబీ, 47 జీబీ, 41 జీబీ: ఒకే ఫోల్డర్‌కు మూడు లెక్కలెందుకు?

ప్రశ్న: మా నాన్నగారు గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊళ్లో 2003 నుంచి డీటీపీ షాపు నడిపారు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఊళ్లోవాళ్ల కవితా సంపుటాలు అన్నీ ఆయన చేతి మీదుగా వెళ్లినవే. ఇప్పుడు చూపు ఆనక షాపు మూసేస్తున్నారు. కంప్యూటర్ అమ్మేద్దామని డీ డ్రైవ్‌లో ఉన్న పనంతా కొత్తగా కొన్న 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశాను. కంప్యూటర్‌లో (విండోస్ 10) ఆ ఫోల్డర్ సైజు 38.2 జీబీ. కొత్త డిస్క్‌లో చూస్తే 46.8 జీబీ వాడినట్టు చూపిస్తోంది. అందులో ఇంకేమీ పెట్టలేదు. ఇవే ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసి అమెరికాలో ఉన్న తమ్ముడికి పంపితే, తన మ్యాక్‌లోకి కాపీ చేసుకుని 41.02 జీబీ అంటున్నాడు. పైగా 1 టీబీ అని కొన్న డిస్క్ 931 జీబీయే చూపిస్తోంది. షాపువాళ్లు మోసం చేశారేమో తెలియదు. నాన్నగారు మాత్రం ‘లెక్క తేలేదాకా కంప్యూటర్ అమ్మొద్దు’ అంటున్నారు, రాత్రిళ్లు సరిగ్గా నిద్ర కూడా పోవడం లేదు. ఫైళ్లు పాడయ్యాయా? ఏ లెక్క నమ్మాలి? పాతవి చెరిపేయొచ్చా?

సమాధానం: అమ్మా, ముందు నాన్నగారితో రెండు మాటలు చెప్పండి. ఈ మూడు లెక్కలూ నిజమే, మీరు రాసిన అంకెల్లో ఫైళ్లు పాడైన ఆనవాలు ఒక్కటీ లేదు. రెండో మాట, లెక్క తేలేదాకా అమ్మొద్దన్నది కూడా సరైన మాటే. ఆ మాట మీదే నిలబడమనండి. ఆయన భయపడుతున్న 8.6 జీబీ తేడాలో ప్రమాదం లేదు గానీ, అంకెలు సరిపోయినా ఫైళ్లు పనికిరాకుండా పోయే దారులు వేరే ఉన్నాయి. అవీ చెబుతాను.

డిస్క్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. హార్డ్‌డిస్క్ తయారుచేసేవాళ్లు 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లని లెక్క కడతారు, అన్ని బైట్లూ ఇస్తారు కూడా. విండోస్ మాత్రం వెయ్యికి బదులు 1024తో లెక్కిస్తుంది. లక్ష కోట్లను 1024తో మూడుసార్లు భాగిస్తే వచ్చేది 931.32. ఆ 931కే పక్కన జీబీ అని రాస్తుంది. షాపువాళ్ల తప్పేం లేదు.

మీ తమ్ముడి అంకె కూడా ఇదే తిరకాసు. ఆపిల్ 2009లో మ్యాక్ ఓఎస్ 10.6 నుంచి వెయ్యి లెక్కకు మారిపోయింది. మీ కంప్యూటర్‌లో ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే, సైజు పక్కనే బ్రాకెట్‌లో పొడవాటి అంకె ఒకటి ఉంటుంది. అది 4,102 కోట్లకు కాస్త అటూ ఇటూగా ఉండాలి. దాన్ని వెయ్యితో మూడుసార్లు భాగిస్తే మీ తమ్ముడి 41.02, అదే 1024తో భాగిస్తే మీ 38.2. ఆంధ్రలో రెండెకరాలను 200 సెంట్లంటాం, తెలంగాణలో 80 గుంటలంటారు. చేను అదే. కానీ అక్కడ సెంటుకూ గుంటకూ పేర్లు వేరు కాబట్టి ఎవరూ తికమకపడరు. ఇక్కడ రెండు కొలతలకూ జీబీ అన్న ఒక్క పేరే వాడుతున్నారు. 1024 లెక్కకు గిబీబైట్ లాంటి వేరే పేర్లు 1998లోనే పెట్టారు, విండోస్ మాత్రం ఈనాటికీ తెర మీద ఆ పేరు వాడదు. ఎంతమంది ఇళ్లలో ఎన్ని అనవసరపు టెన్షన్లకు ఇదొక్కటే కారణమో తలచుకుంటే బాధేస్తుంది.

ఇక అసలు ప్రశ్న, 46.8. ఇది నాన్నగారికి మీకంటే నాకంటే బాగా అర్థమవుతుంది, ఎందుకంటే ఆయన పుస్తకాలు వేయించిన మనిషి. కవితా సంపుటం కంపోజింగ్ అయ్యాక 97 పేజీలు వచ్చిందనుకోండి. ప్రెస్‌లో ఫారం అంటే 16 పేజీలు. ఆరు ఫారాలకు 96 పేజీలు సర్దుకుంటాయి. మిగిలిన ఆ ఒక్క పేజీ కోసం ఇంకో ఫారం ఎక్కించాలి. రాసింది 97 పేజీలే, కాగితం పోయింది మాత్రం 112 పేజీలకు. ప్రెస్‌లో అరఫారం, పావుఫారం వేసి కాగితం మిగుల్చుకునే వీలుంది. కంప్యూటర్ డ్రైవ్‌కు ఆ వీలు లేదు, వేస్తే నిండు ఫారమే.

డ్రైవ్ తన స్థలాన్నంతా ఒకే కొలత ముక్కలుగా కోసి పెట్టుకుంటుంది. ఆ ముక్కను క్లస్టర్ అంటారు, ఫార్మాట్ చేసేటప్పుడు విండోస్ చూపించే పేరు అలొకేషన్ యూనిట్. ఒక ముక్కలో ఒకే ఫైలు ఉంటుంది. ఫైలు చిన్నదైనా ముక్క మొత్తం దానికే రాసేస్తారు, మిగిలిన ఖాళీలో మరో ఫైలును దూర్చరు. పెద్ద ఫైలైతే ఎన్ని ముక్కలైనా పడతాయి, చివరి ముక్కలో కాస్త మిగిలిపోతుంది.

డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతులు కొన్నున్నాయి. మీ పాత కంప్యూటర్ డీ డ్రైవ్ దాదాపు కచ్చితంగా ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉండి ఉంటుంది. అందులో మామూలుగా ముక్క కొలత 4 కేబీ. కొత్త ఎక్స్‌టర్నల్ డిస్కులూ పెద్ద పెన్‌డ్రైవ్‌లూ చాలావరకు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి. 32 జీబీ దాటిన డ్రైవ్‌ను విండోస్ ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే, మనం వేరే చెప్పకపోతే, ముక్క కొలత 128 కేబీ. అంటే మీ ఫైళ్లు నాలుగు పేజీల ఫారం నుంచి నూట ఇరవై ఎనిమిది పేజీల ఫారంలోకి మారాయి. ఫైళ్లు పెరగలేదు, ఒక్కో ఫైలు వెనక మిగిలిపోయే తెల్లకాగితం పెరిగింది.

నా మాట నమ్మక్కర్లేదు, మీ చేత్తో మీరే చూడండి. నోట్‌ప్యాడ్ తెరిచి, మీ ఇంట్లో కొన్ని వేల సార్లు టైపు చేసి ఉంటారే, ఆ మాటలే కొట్టండి: శ్రీరస్తు శుభమస్తు. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కీబోర్డుతోనే కొట్టి, సేవ్ చేసేటప్పుడు కింద యూటీఎఫ్-8 ఉందో లేదో చూసుకోండి. ఈ పద్ధతిలో తెలుగులో ఒక్కో అక్షరానికీ, గుణింతం గుర్తుకూ, ఒత్తు వేయడానికి వాడే పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరంలోనే శ, పొల్లు, ర, దీర్ఘం కలిసి 12 బైట్లున్నాయి. మొదటి మాటకు 27, రెండో మాటకు 24, మధ్య ఖాళీకి ఒకటి, మొత్తం 52 బైట్లు.

ఆ ఫైలును పాత కంప్యూటర్ డీ డ్రైవ్‌లో ఒకటి, కొత్త డిస్క్‌లో ఒకటి పెట్టి, రెండింటి ప్రాపర్టీస్ పక్కపక్కన తెరవండి. రెండు వరుసలు కనిపిస్తాయి. ‘సైజ్’ అన్న వరుసలో రెండు చోట్లా 52 బైట్లే ఉంటుంది. కింద ‘సైజ్ ఆన్ డిస్క్’ అన్న వరుస చూడండి. కొత్త డిస్క్‌లో 128 కేబీ, అంటే 1,31,072 బైట్లు! యాభై రెండు బైట్ల ఆశీర్వచనానికి లక్షా ముప్ఫై ఒక్క వేల బైట్ల స్థలం. పాత కంప్యూటర్‌లోనైతే అదే వరుసలో 0 బైట్లని కనిపిస్తుంది. అది చూసి కంగారుపడకండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ ప్రతి ఫైలు వివరాలూ రాసుకోవడానికి ఒక పెద్ద చిట్టా పెట్టుకుంటుంది. ఫైలు మరీ చిన్నదైతే దానికి విడిగా ముక్క ఇవ్వకుండా, ఆ చిట్టాలో దాని పద్దు పక్కనే ఉన్న జాగాలో సరుకు కూడా రాసేస్తుంది. అందుకే విడిగా తీసుకున్న స్థలం సున్నా.

కొత్త డిస్క్‌లో 128 కేబీ కాక ఇంకేదైనా అంకె కనిపిస్తే, మీ డిస్క్ ముక్క కొలత అదన్నమాట. కంపెనీలో ముందే ఫార్మాట్ చేసి పంపిన డిస్కుల్లో అంతకంటే పెద్ద ముక్కలుండటమూ మామూలే.

ఇప్పుడు లెక్క వేద్దాం. మీ ఫోల్డర్‌లో ఎన్ని ఫైళ్లున్నాయో రాయలేదు. మీరు చెప్పిన తేడాను బట్టి లక్షా పది వేల చిల్లర ఉంటాయని నా అంచనా. ఎలాగంటే, 8.6 జీబీని అన్ని ఫైళ్లకు పంచితే ఫైలుకు దాదాపు 80 కేబీ వృథా వస్తుంది. పెద్ద ఫైళ్లకైతే చివరి ముక్కలో సగటున సగం, అంటే 64 కేబీ మిగలాలి. డీటీపీ షాపులో కార్డు మీద వేసే గణపతి బొమ్మలు, బోర్డర్లు, నాలుగు లైన్ల మ్యాటర్ ఫైళ్లు లాంటి చిన్నవి బోలెడుంటాయి. వాటిలో ముక్క దాదాపు మొత్తం ఖాళీయే కాబట్టి సగటు పైకి లాగుతుంది. ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య చూసి నా అంచనాతో పోల్చుకోండి. కాస్త ఎక్కువ తక్కువైతే పర్వాలేదు. ఫైళ్లు పదివేలే ఉండి తేడా ఇంత వస్తే మాత్రం ఇంకేదో ఉన్నట్టు, నాకు మళ్లీ రాయండి.

ఒకటి గమనించండి. మీరు కంప్యూటర్‌లో ఫోల్డర్ సైజు చూశారు, డిస్క్‌లో వాడిన స్థలం చూశారు. అవి రెండూ ఒకే రకం అంకెలు కావు. ఒకటి ఫైళ్లది, ఇంకోటి డ్రైవ్‌ది. కొత్త డిస్క్‌లోనూ ఫోల్డర్ మీదే రైట్ క్లిక్ చేసి ‘సైజ్’ వరుస చూస్తే అక్కడా 38.2 ఉండాలి. రెండు డ్రైవ్‌ల మధ్య పోల్చాల్సింది ఆ వరుసను, అందులోనూ బ్రాకెట్‌లోని బైట్ల అంకెను. ‘సైజ్ ఆన్ డిస్క్’ వరుసతో పని ఎప్పుడంటే, ఈ సరుకు ఫలానా పెన్‌డ్రైవ్‌లో పడుతుందా లేదా అని చూసుకునేటప్పుడు. 40 జీబీ ఖాళీ ఉంది కదా, 38 జీబీ పట్టేస్తుందిలే అనుకుని కాపీ పెడితే, ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లో మీ ఫోల్డర్ మధ్యలోనే ఆగిపోతుంది.

మరి ఇంత వృథా అయ్యే పద్ధతి ఎందుకు పెట్టారని నాన్నగారు తప్పకుండా అడుగుతారు. ఏ ముక్క ఎవరిది, ఏది ఖాళీ అన్న చిట్టా డ్రైవ్ ఎప్పుడూ రాసుకుంటూ ఉండాలి. 1 టీబీని 4 కేబీ ముక్కలుగా కోస్తే 24 కోట్లకు పైగా ముక్కలు, 128 కేబీ చొప్పున కోస్తే 76 లక్షలే. చిట్టా చిన్నదైతే కెమెరా, టీవీ, కారు మ్యూజిక్ సిస్టమ్ లాంటి చిన్న యంత్రాలు కూడా సులభంగా నడపగలవు. మైక్రోసాఫ్ట్ 2006లో ఎక్స్‌ఫ్యాట్ తెచ్చింది ఇలాంటి అవసరాలకే. పెద్ద వీడియోలు, పెద్ద ఫొటోలు పెట్టుకునేవాళ్లకు ఒక్కో ఫైలు చివర 64 కేబీ పోవడం లెక్కలోకి రాదు. చిన్న ఫైళ్లు లక్షల్లో ఉన్న మీలాంటివాళ్లకే కళ్లకు కనిపిస్తుంది. అయినా మీ డిస్క్‌లో ఇంకా 884 జీబీ ఖాళీగా ఉంది. ఆ 8.6 జీబీ కోసం మళ్లీ ఫార్మాట్ చేయడం, మళ్లీ కాపీ చేయడం నేనైతే వద్దంటాను. ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా మారిస్తే వృథా తగ్గుతుంది గానీ, ఆ డిస్క్‌ను మ్యాక్‌కు పెడితే చదవడమే తప్ప అందులో కొత్తగా ఏమీ రాయలేం. మీ తమ్ముడు ఎప్పుడైనా వచ్చి డిస్క్ పెట్టుకుంటే ఇబ్బంది పడతాడు.

అన్నట్టు, మ్యాక్‌కు ఈ డిస్క్ ఎప్పుడైనా పెడితే, ఫైళ్ల సంఖ్య ఉన్నట్టుండి పెరగొచ్చు. తన అవసరానికి చుక్కతో మొదలయ్యే పేర్లతో చిన్న చిన్న దాపుడు ఫైళ్లు మ్యాక్ రాసుకుంటుంది. అది వైరస్ కాదు, భయపడకండి. విండోస్ కూడా కొన్ని ఫోల్డర్లలో ఇలాంటివి పెట్టుకుంటుంది. అందుకే సరిచూసే పని డిస్క్ మ్యాక్ దగ్గరికి వెళ్లకముందే ముగించండి.

దీనికి ఎదురు తేడా, అంటే ‘సైజ్’ ఎక్కువ ఉండి ‘సైజ్ ఆన్ డిస్క్’ బాగా తక్కువుంటే మాత్రం ఆగి ఆలోచించండి. ఆ డ్రైవ్‌లో విండోస్ ఫైళ్లను నొక్కి కుదించి పెట్టి ఉండొచ్చు, దాంతో ఇబ్బంది లేదు. కానీ ఆ ఫోల్డర్ వన్‌డ్రైవ్ (ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సేవ) కింద ఉంటే, ఫైలు పేరు మాత్రమే కంప్యూటర్‌లో ఉండి అసలు సరుకు ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉండొచ్చు. అప్పుడు మీ దగ్గరున్నది ఖాళీ కవరే. మీ డీ డ్రైవ్‌లో ఆ గొడవ ఉండకపోవచ్చు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లలో నాన్నగారు ఏమైనా దాచుకుని ఉంటే ఒకసారి చూడండి.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే బైట్లు సరిపోతే చాలన్న ధీమాతో నేనొకసారి దెబ్బతిన్నాను. కొన్నేళ్ల కిందట మా పెద్దమ్మ ఇంట్లోవి, బంధువుల దగ్గర అడిగి తెచ్చినవి పాత ఫొటోలు కూర్చుని స్కాన్ చేశాను. తక్కువ ధరకు వస్తోందని రోడ్డు పక్క కొట్లో 512 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కొని అందులో వేశాను. సైజు చూశాను, బైటుకు బైటు సరిపోయింది. ఫైళ్ల సంఖ్య సరిపోయింది. లాప్‌టాప్‌లోవి తీసేశాను. రెండు నెలల తర్వాత తెరిస్తే మొదటి కొన్ని వందల ఫొటోలు బాగున్నాయి. ఆ తర్వాతి వాటిలో కొన్ని సగం వరకూ వచ్చి కింద బూడిదరంగు, కొన్ని అసలు తెరుచుకోలేదు. అమ్మమ్మ పెళ్లినాటి ఫొటోలో తాతయ్య తలపాగా వరకే వచ్చి ఆగిపోయింది.

అది నకిలీ పెన్‌డ్రైవ్. లోపల అసలు మెమరీ కొద్దిగానే ఉంటుంది, కంప్యూటర్‌కు మాత్రం 512 అని అబద్ధం చెప్పేలా చేసి అమ్ముతారు. ఫైళ్ల పేర్లు, సైజులు రాసుకునే చిట్టా డ్రైవ్ మొదట్లోనే, అసలు మెమరీ ఉన్న చోటే ఉంటుంది కాబట్టి అది చక్కగా నిలుస్తుంది. నిండిపోయాక వచ్చిన సరుకు గాల్లో కలిసిపోతుంది. సైజు అన్నది చిట్టాలో రాసిన అంకె. సరుకు లోపల ఉందో లేదో ఆ అంకెకు తెలియదు. ఇంట్లో ఉన్న ఫొటోలు మళ్లీ స్కాన్ చేసుకున్నాను. బంధువుల దగ్గర తెచ్చినవాటిలో కొన్ని మళ్లీ దొరకలేదు. ఇప్పటికీ మా పెద్దమ్మ అడిగితే ఏం చెప్పాలో తోచదు.

అందుకే మీరు సైజు దగ్గర ఆగొద్దు. కాపీ అయ్యాక డిస్క్‌ను సేఫ్లీ రిమూవ్ చేసి, తీసి, మళ్లీ పెట్టండి. ఇది ముఖ్యం. ఇప్పుడే కాపీ చేసిన సరుకు కొంత కంప్యూటర్ మెమరీలోనే ఉంటుంది, తీసి పెడితే గానీ నిజంగా డిస్క్ నుంచి చదవదు. తర్వాత సెవెన్-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేస్తే సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ అని ఒక మెనూ వస్తుంది, విండోస్ 11లోనైతే ‘షో మోర్ ఆప్షన్స్’ నొక్కాక కనిపించొచ్చు. అందులో ఎస్‌హెచ్‌ఏ-256 ఎంచుకోండి. అది ప్రతి ఫైలునూ మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా చదివి, ఫోల్డర్లెన్ని, ఫైళ్లెన్ని, మొత్తం బైట్లెన్నో చెప్పి, చివర అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవాటి ముద్రలు ఇస్తుంది. వాటిలో ‘ఫర్ డేటా’ అని ఉన్నది, అంటే ఫైళ్లలోని సరుకుది, తీసుకుంటే చాలు. లోపల ఎక్కడైనా ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. పాత కంప్యూటర్‌లో ఒకసారి, కొత్త డిస్క్‌లో ఒకసారి చేసి, రెండు ముద్రలూ కాగితం మీద రాసుకుని పోల్చండి. అన్ని ఫైళ్లకు గంటా రెండు గంటలు పట్టొచ్చు, పట్టనివ్వండి. ముద్రలు కలిస్తే ఇక ఆ కాపీ గురించి అనుమానం పెట్టుకోనక్కర్లేదు.

ముద్రలు కలవకపోతే ముందు ఫైళ్ల సంఖ్య చూడండి. తక్కువుంటే కాపీ చేసేటప్పుడు ఏవో వదిలేసి ఉంటుంది. ఫోల్డర్ లోపల ఫోల్డర్, దాని లోపల ఇంకోటి, ఒక్కోదానికీ పొడుగాటి పేర్లు పెట్టుకుంటూ పోతే, దారి మొత్తం 260 అక్షరాల హద్దు దాటిన చోట విండోస్ చాలాసార్లు కాపీకి మొరాయిస్తుంది. మనం విసిగి ‘స్కిప్’ నొక్కేస్తాం. పేర్లు కుదించి వాటిని మళ్లీ కాపీ చేస్తే సరి. తమ్ముడికి పంపిన పెన్‌డ్రైవ్ పాత ఫ్యాట్32 పద్ధతిదైతే ఇంకో సంగతి, అందులో 4 జీబీకి మించిన ఒక్క ఫైలు పట్టదు. అయితే మీ తమ్ముడి అంకె మీ అంకెతో కలిసింది కాబట్టి ఆ చిక్కు వచ్చినట్టు లేదు.

ఇప్పుడు చెప్పబోయేది మీరు అడగలేదు. కానీ మీ ఉత్తరం చదివినప్పటి నుంచీ నా మనసులో మెదులుతున్నది ఇదే. లెక్కలన్నీ కలిశాక కూడా, 2003 నాటి పెళ్లి కార్డు ఫైలు వేరే కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు కనిపించకపోవచ్చు. ఆ రోజుల్లో మన డీటీపీ పనంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో, అలాంటి మరికొన్ని ఫాంట్లతో సాగింది. అవి యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చి పెట్టినవి. ఫాంటు ఉంటే ‘శ్రీరస్తు’ అని కనిపిస్తుంది, లేకపోతే పిచ్చి గుర్తుల వరుస కనిపిస్తుంది. ఆ ఫాంట్లు డీ డ్రైవ్‌లో ఉండవు, సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల ఫాంట్స్ అనే చోట ఉంటాయి. మీరు కాపీ చేసింది డీ డ్రైవ్ మాత్రమే కదా! కంప్యూటర్ ఫార్మాట్ చేశారంటే ఫాంట్లు పోతాయి, ఇన్నేళ్ల పని మీ చేతిలో ఉండీ చదవలేనిదవుతుంది.

అందుకని ఆ ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం కొత్త డిస్క్‌లో విడిగా ఒక ఫోల్డర్ పెట్టి కాపీ చేయండి. అను సాఫ్ట్‌వేర్ సీడీ గానీ, డాంగిల్ (కంప్యూటర్‌కు గుచ్చితే గానీ సాఫ్ట్‌వేర్‌ను నడవనివ్వని తాళం లాంటి చిన్న పరికరం) గానీ ఉంటే జాగ్రత్త చేయండి. పేజ్‌మేకర్ కూడా పాతబడిపోయింది, అడోబీ చివరి వెర్షన్ 7.0 విడుదల చేసింది 2001లో. ముందు ముందు దాన్ని నడిపే కంప్యూటర్ దొరకడమే కష్టం. కాబట్టి పాత మెషిన్ నడుస్తుండగానే ముఖ్యమైన పనులన్నీ పీడీఎఫ్‌లుగా చేయించండి. పీడీఎఫ్‌లో ఫాంటు కూడా లోపలే పొదిగి వచ్చేలా చేసుకుంటే ఎక్కడైనా తెరుచుకుంటుంది. లక్ష ఫైళ్లూ చేయలేరు, అక్కర్లేదు కూడా. ఏవి ముఖ్యమో నాన్నగారే చెప్పగలరు. ఊళ్లో కవులు అచ్చు వేయించుకున్న సంపుటాలు ముందు చేయించమని నా కోరిక. అచ్చు కాపీలు వందా రెండు వందలకు మించి వేసి ఉండరు. ఆ రచయితల ఇళ్లలో కూడా ఇప్పుడు ఒక్క ప్రతి లేకపోవచ్చు.

చివరిగా కంప్యూటర్ అమ్మకం. కంప్యూటర్ అమ్మండి, అందులోని హార్డ్‌డిస్క్ మాత్రం అమ్మకండి. ఇన్నేళ్ల హార్డ్‌డిస్క్‌కు కొనేవాళ్లు విడిగా ఇచ్చేది ఏమంత ఉండదు. రిపేరు షాపులో నాలుగు స్క్రూలు విప్పి తీసి ఇస్తారు. దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకోండి. అలా చేస్తే మూడు లాభాలు. చెరిపేయాలా వద్దా అన్న ప్రశ్నే ఉండదు. కొత్త డిస్క్ ఎప్పుడైనా చేయి జారి కింద పడినా ఇంకో కాపీ ఇంట్లోనే ఉంటుంది, మూడోది తమ్ముడి దగ్గర ఎలాగూ ఉంది. షాపుకు వచ్చినవాళ్ల ఆధార్ స్కాన్‌లు, పాసు పుస్తకాల కాపీలు ఆ డిస్క్‌లో తప్పకుండా ఉండి ఉంటాయి, అవి బయటివాళ్ల చేతికి వెళ్లవు. డిస్క్‌ను మామూలుగా ఫార్మాట్ చేసినంత మాత్రాన పాత ఫైళ్లు పోవు, తెలిసినవాళ్లు మళ్లీ పైకి తీయగలరు.

తమ్ముడికి ఇకముందు పంపేటప్పుడు ఏడాదికొకటి చొప్పున జిప్ చేసి పంపండి. లక్ష చిన్న ఫైళ్లకు బదులు ఇరవై చిల్లర పెద్ద ఫైళ్లవుతాయి, ఎక్స్‌ఫ్యాట్‌లో వృథా దాదాపు ఉండదు, కాపీ కూడా చాలా త్వరగా అవుతుంది. ఇంట్లో ఉంచుకునే కాపీని మాత్రం జిప్ చేయకుండా విడి ఫైళ్లుగానే ఉంచండి. ఒక ఫైలు చెడితే ఆ ఒక్కటే పోతుంది, జిప్ చెడితే ఏడాది పనంతా చిక్కులో పడుతుంది.

మెషిన్ విప్పించే ముందు ఒక సాయంత్రం నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని, కొత్త డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు పెట్టి, కాపీ చేసిన ఫాంట్లు, పేజ్‌మేకర్ అందులో వేసి, ఆయన చెప్పిన పది ఫైళ్లు తెరవండి. షాపు పెట్టిన మొదటి నెలలో చేసిన కార్డు ఒకటి, మధ్య సంవత్సరాల్లోవి కొన్ని, చివరగా చేసింది ఒకటి. తెర మీద అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఆయన కళ్లతో ఆయనే చూడాలి. చూపు ఆనకపోతే పెద్దది చేసి చూపించండి.